దేవుడు దారి మారుస్తున్నాడా, నా మనసే ఆడిస్తోందా?

తమ్ముడూ, మీరు రాసింది నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో ముందు చూసుకోండి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పదేళ్లు దాటింది. మీ ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇద్దరు పిల్లలు, ఫ్లాట్ మీద లోన్. ఫిబ్రవరిలో సంఘం తరఫున ఏజెన్సీలో ఒక హాస్టల్‌కి వెళ్లి, పరీక్షల ముందు పదో తరగతి పిల్లలకు వారం పాటు లెక్కలు చెప్పారు. వచ్చినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. ఈలోగా ఆఫీసులో రావలసిన ప్రమోషన్ రాలేదు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దాన కార్డు మీద "నీవు నడవవలసిన మార్గమును నీకు బోధించెదను" అని ఉంది. ఉజ్జీవ సభలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు తల మీద చెయ్యి పెట్టి "ప్రభువు నిన్ను బయటికి పిలుస్తున్నాడు" అన్నారు. ఇవన్నీ కలిపి చూస్తే దేవుడే దారి మారుస్తున్నాడనిపిస్తోంది. రాత్రి పడుకుంటే మాత్రం ఈఎంఐ గుర్తొచ్చి టెన్షన్. రాజీనామా ఇచ్చేయమంటారా, పీఎఫ్ తీసి లోన్ కట్టేయమంటారా అని అడిగారు.

నేను బ్యాంకు ఉద్యోగం మానేసి సేవలోకి వచ్చినవాణ్ణే. కాబట్టి వద్దని అడ్డుపడే మొహం నాకు లేదు. కానీ మీరు చెప్పిన నాలుగు గుర్తుల్లో నేను లెక్కలోకి తీసుకునేది ఆ హాస్టల్ పిల్లల్ని ఒక్కటే. మిగతా మూడూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

కార్డు సంగతి చూద్దాం. అది 32వ కీర్తన 8వ వచనం. మంచి మాటే. మా సంఘంలోనూ ఏటా ఆ కార్డులు పంచుతాం, పళ్లెంలో బోర్లించి పెడితే పిల్లలూ పెద్దలూ ఎగబడి తీసుకుంటారు. అయితే ఆ కార్డుల మీద 9వ వచనం అచ్చు వేయగా నేనెప్పుడూ చూడలేదు. "బుద్ధి జ్ఞానములు లేని గుఱ్ఱమువలెనైనను కంచరగాడిదవలెనైనను మీరు ఉండకుడి" అని ఉంటుంది అక్కడ. కళ్లెం వేసి లాగితే తప్ప దగ్గరికి రాని జంతువులవి. దారి చూపిస్తానన్న దేవుడే, ఆ మాట తర్వాత వెంటనే, బుర్ర వాడమంటున్నాడు. దేవుని నడిపింపుకి మనసు తెరిచి పెట్టుకోవడమంటే ఆలోచన మానేసి ఏదో ఒకటి లాక్కెళ్లే దాకా కూర్చోవడం కాదన్నమాట. కార్డులో ఒక్క వచనమే పడుతుంది, మన జీవితానికి మొత్తం కీర్తన కావాలి.

ప్రసంగీకుడి మాట గురించి ఎక్కువ చెప్పను. ఆయన మర్నాడు బస్సెక్కి ఇంకో ఊరు వెళ్లిపోయారు. మీ పిల్లల పేర్లు కూడా ఆయనకు తెలియవు. అపొస్తలుల కార్యాల్లో అగబు ప్రవక్త పౌలు దగ్గరికి వచ్చి, పౌలు నడికట్టు తీసుకుని తన చేతులూ కాళ్లూ కట్టుకుని, యెరూషలేములో నీకిలా జరుగుతుందని చెప్పాడు. కానీ అక్కడ బంధకాలు కాచుకుని ఉన్నాయన్న సంగతి పౌలుకు అప్పటికే తెలుసు, వెళ్లాలని నిర్ణయమూ అయిపోయింది. ప్రవచనం ఆయనకు కొత్త దారి పెట్టలేదు. మీ విషయంలో కూడా ఆ మాటను కొట్టిపారేయనక్కర్లేదు, దాని మీద ఇల్లు కట్టనూ అక్కర్లేదు.

ప్రమోషన్ అంటారా, అది దేవుడు మూసిన తలుపు కావచ్చు, మీ మేనేజర్ మూసిన తలుపూ కావచ్చు. మన సంఘాల్లో "తలుపులు తెరుచుకున్నాయి, తలుపులు మూసుకుపోయాయి" అని సాక్ష్యాలు చెప్పేస్తూ ఉంటాం. దేవుడు నీనెవెకు వెళ్లమంటే యోనా ప్రవక్త తర్షీషుకు పారిపోదామని యొప్పేకు వెళ్లాడు. రేవులో ఓడ సిద్ధంగా ఉంది. చోటు దొరికింది, ఛార్జీకి చేతిలో డబ్బూ ఉంది. సాక్ష్యం చెప్పమంటే అద్భుతంగా చెప్పేవాడు! అందుకని మిమ్మల్ని ఒకటే అడుగుతాను. రేపు మీకు ప్రమోషన్ ఇచ్చి, ఏడాది పాటు ఆన్‌సైట్ పంపుతామన్నారనుకోండి. అప్పుడు కూడా ఆ పదో తరగతి పిల్లలు గుర్తొస్తారా? గుర్తొస్తే ఈ సంభాషణ కొనసాగించవచ్చు. గుర్తురాకపోతే మీకు కావలసింది కొత్త కంపెనీ, దానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకోనక్కర్లేదు. ఇది నాకు రాయొద్దు, మీ ఆవిడకు చెప్పండి.

ఇప్పుడు అసలు విషయం. దారి మార్చడం గురించి బైబిల్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన భాగం అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం మొదట్లో ఉంది. దాన్ని మనం "మాసిదోనియ దర్శనం" అని పిలుచుకుని, దర్శనం దగ్గరే మొదలుపెడతాం. దానికి ముందు జరిగింది చూడండి. పౌలు, సీల, తిమోతి ఆసియ అనే రోమా రాష్ట్రంలో వాక్యం చెబుదామనుకుంటారు. ఇప్పటి టర్కీ పడమటి భాగం అది. పరిశుద్ధాత్మ ఆటంకపరచాడు. సరే అని ఫ్రుగియ, గలతీయ ప్రాంతాల మీదుగా వెళ్లి ముసియ దాకా వచ్చి, ఉత్తరాన బితునియకు పోదామని చూస్తారు. "యేసు యొక్క ఆత్మ వారిని వెళ్లనియ్యలేదు" అని రాసి ఉంది. ఎలా వెళ్లనివ్వలేదో చెప్పలేదు. జబ్బు చేసిందా, ఎవరైనా ప్రవచించారా, మనసు ఒప్పలేదా అన్నది ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు. రెండుసార్లు కాదన్నాక ఎటు వెళ్లాలో తెలియకుండానే సముద్రపు ఒడ్డున త్రోయ దాకా వచ్చారు. దర్శనం వచ్చింది అక్కడ. మాసిదోనియ, అంటే ఇప్పటి గ్రీసు ఉత్తర భాగం, అక్కడి మనిషి ఒకడు నిలబడి, వచ్చి సాయం చేయమని పౌలును పిలిచినట్టు.

నేను చూసింది ఏమిటంటే, పౌలు ప్రయాణం మొదట్లోనే లుస్త్ర ఊళ్లో కూర్చుని "ప్రభువా, స్పష్టంగా చెబితేనే కదులుతాను" అనలేదు. నడుస్తూనే ఉన్నాడు, కాదంటే తిరిగాడు. మనం చేసేది దీనికి తలకిందులు. ఏమీ కదపకుండా ఏళ్ల తరబడి చిత్తం తెలియజేయమని ప్రార్థిస్తాం. లేదా ఒక్కసారి కదిలాక, అది దేవుని చిత్తమని అందరికీ చెప్పేశాం కాబట్టి, ఎన్ని ఆటంకాలొచ్చినా "సాతాను అడ్డుపడుతున్నాడు" అంటూ గోడకు తల కొట్టుకుంటాం. ఆ ఆటంకపరిచేది పరిశుద్ధాత్మ కూడా కావచ్చునని ఆ అధ్యాయం చెబుతుంటే మనకు వినబడదు.

ఇంకో సంగతి. దర్శనం పౌలు ఒక్కడికే వచ్చింది. బయలుదేరాలని తేల్చుకున్నది మాత్రం అందరూ కలిసి. పౌలంతటివాడు "నాకు చెప్పాడు, మీరు నోరుమూసుకుని రండి" అనలేదు.

మాసిదోనియలో ఫిలిప్పీకి వెళ్తే జరిగిందేమిటి? కలలో కనబడింది మగమనిషి, దొరికింది నది ఒడ్డున ప్రార్థనకు కూడిన ఆడవాళ్లు. అక్కడ మొదట విశ్వసించిన లూదియ ఊదారంగు పొడి అమ్ముకునే వ్యాపారస్తురాలు. ఆమె సొంతూరు తుయతైర. అది ఎక్కడుంది? వాక్యం చెప్పొద్దన్న ఆ ఆసియలోనే! తర్వాత కొన్ని రోజులకే బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి చెరసాలలో పడేశారు. సరైన దారిలోనే ఉన్నారు మరి. ఆసియ సంగతి కూడా ముగిసిపోలేదు. 19వ అధ్యాయానికి వస్తే పౌలు ఎఫెసులో, తురన్ను పాఠశాలలో, రెండేళ్లు ప్రతిరోజూ బోధించాడు, ఆసియ అంతా విన్నారని రాసి ఉంది. అప్పుడు కాదన్న చోటికే ఇప్పుడు పంపాడు. మీకు ఇవాళ హాస్టల్ కాదనిపిస్తే, అది ఎప్పటికీ కాదని అర్థం కానక్కర్లేదని చెప్పడానికే ఇదంతా.

బైబిలు కాలం దాకా ఎందుకు, మన ఒంగోలు చూడండి. జాన్ క్లౌ దొర 1866లో అక్కడికి వచ్చాడు. అమెరికాలో కుర్రతనంలో సర్వే పని చేసినవాడు. అప్పటి మిషనరీలు చాలామంది లాగే, పెద్దకులాలవాళ్లు ముందు నమ్మితే మిగతావాళ్లు వాళ్ల వెనకే వస్తారన్న లెక్క ఆయనకూ ఉండేది. వాళ్లూ బాగానే మాట్లాడేవారు, పిల్లల్ని బడికి పంపడానికి ముందుకొచ్చారు. ఈలోగా ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి వచ్చాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ సువార్త విన్నవాడు. ఆయన వెనక పల్లెల నుంచి మరికొందరు. వీళ్లను చేర్చుకుంటే మేం రామని బ్రాహ్మణులు తెగేసి చెప్పారు. క్లౌ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్న ప్రకారం, ఎటూ తేలక బైబిలు తీస్తే 1 కొరింథీయులకు 1వ అధ్యాయం 26వ వచనం దగ్గర తెరుచుకుంది. జ్ఞానులు అనేకులు పిలువబడలేదు, వెఱ్ఱివారిని దేవుడు ఏర్పరచుకున్నాడు అనే భాగం. వేరే గదిలో ఆయన భార్య చదువుతున్నదీ అదే భాగం. ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు, పెద్దకులాల పిల్లలు బడి వదిలి వెళ్లిపోయారు.

ఇక్కడ మీరు నన్ను పట్టుకోవచ్చు. "కార్డు వద్దన్నారు, మరి క్లౌ దొర బైబిలు తెరిచి చూసుకున్నాడుగా" అని. న్యాయమైన ప్రశ్నే. తేడా ఏమిటంటే, ఆయన బైబిలు తెరవక ముందే మనుషులు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఆ వచనం ఆయన ఆశపడ్డదాన్ని ఆమోదించలేదు, ఆయన లెక్కనే తప్పన్నది. ఆ మాట వినడం వల్ల బడి పోయింది, ఊళ్లో పరపతి పోయింది. మన కార్డులు చాలావరకు మనకు ముందే ఇష్టమైనదాని మీద ముద్ర వేస్తాయి. మీ కోరికకు అడ్డంగా వచ్చిన వచనం ఎప్పుడైనా ఉందా? దాన్ని ఏం చేశారు?

ఆ సర్వే పని ఏమైందో కూడా వినండి. 1876-78 నాటి ధాత కరువులో జనం చచ్చిపోతుంటే, క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క తవ్వే కాంట్రాక్టు తీసుకుని, పల్లెల జనానికి కూలి ఇప్పించి బతికించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని ఆగాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను మా సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ అంకె కన్నా, కొలత గొలుసు పట్టడం తెలిసిన మనిషికి కాలువ పని దొరకడం మీద మనసు పోతుంది. దేవుడు దారి మార్చాడంటే పాతదంతా చెత్తబుట్టలో వేశాడని కాదు. "ప్రభువు కోసం అన్నీ వదిలేశాను" అని సాక్ష్యం చెప్పేటప్పుడు పెద్దగా వినిపిస్తుంది గానీ, నేను బ్యాంకులో నేర్చుకున్న పని వదల్లేదు. మా సొసైటీ లెక్కలు ఆడిటర్ దగ్గరికి వెళ్లేముందు చూసేది నేనే.

ఇంకొకరు అజరయ్య గారు. తిరునెల్వేలి వైపు తమిళుడు, క్రైస్తవ యువకుల సంఘమైన వైఎంసీఏలో పెద్ద బాధ్యతలో ఉండి దేశమంతా తిరిగేవారు. 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ ఖర్చుతో ఇతర ప్రాంతాలకు సేవకుల్ని పంపడం చూసి, మనమెందుకు పంపడం లేదని ఆలోచనలో పడ్డారు. మరుసటి ఏడాది తిరునెల్వేలిలో మిషనరీ సంఘం పుట్టింది. వాళ్లు సేవకు ఎంచుకున్నది మన డోర్నకల్ ప్రాంతం, అప్పటి నైజాం రాజ్యంలో. వేరేవాళ్లను పంపుతూ కూర్చున్న మనిషి చివరికి 1909లో పదవి వదిలి తానే వచ్చారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, బిషప్ అయిన మొదటి భారతీయుడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే చనిపోయారు. అక్కడి ఎపిఫనీ కెతీడ్రల్, అంటే బిషప్ చర్చి, ఇప్పటికీ ఉంది, గుడి స్తంభాలూ మసీదు పోలికలూ కలిసిన కట్టడం. విజయవాడ-వరంగల్ లైన్లో వెళ్లేటప్పుడు ఒకసారి దిగి చూడండి.

ఆయన కథలో చూడవలసింది కాలం. జాఫ్నా నుంచి డోర్నకల్‌కి ఏడేళ్లు. అడిగిన ప్రశ్న తనదే అయినా, సమాధానం తానేనని తేలడానికి అంత పట్టింది. ఆ మధ్య కాలంలో వైఎంసీఏ పని మానలేదు, డోర్నకల్ పనికి డబ్బూ మనుషులూ సమకూర్చడమూ మానలేదు. మీరు ఫిబ్రవరిలో వెళ్లొచ్చి ఇప్పుడే రాజీనామా లెటర్ టైప్ చేస్తున్నారు.

మన సంఘాల మీద నాకున్న ఒక కోపం కూడా ఇక్కడే చెప్పేస్తాను. దారి మారడం అంటే ఉద్యోగం మానేసి "పూర్తికాల సేవ"లోకి రావడం ఒక్కటే అన్నట్టు తయారుచేశాం. నాకు బాగా తెలిసిన ఒకాయన కరెంటు ఆఫీసులో ఇంజనీరు. బైబిలు కాలేజీలో సీటు వచ్చింది, ఫీజు కట్టాడు, లీవు పెట్టాడు. అప్పుడు తండ్రికి పక్షవాతం వచ్చింది. తమ్ముళ్లిద్దరూ దుబాయ్‌లో. కాలేజీ ఏడాది వాయిదా వేశాడు, ఇంకో ఏడాది వేశాడు, తర్వాత ఆ మాటే ఎత్తలేదు. తెల్లారే లేచి తండ్రికి ఒళ్లు తుడిచి, ట్యూబులో జావ పోసి, పక్క మార్చి, ఆఫీసుకు వెళ్లేవాడు. తండ్రికి మాట పడిపోయింది, కాబట్టి థాంక్స్ చెప్పేవాళ్లు కూడా లేరు. సంఘంలో కొందరు "పిలుపును పోగొట్టుకున్నాడు" అన్నారు. నేను ఆ ఇంట్లో కూర్చుని చూశాను గనక చెబుతున్నాను, దేవుడు ఆయన దారి మార్చాడు, ఆయన ఒప్పుకున్నాడు. స్టేజీ మీద చెప్పుకునేలా లేదు కాబట్టి మనం దాన్ని సాక్ష్యం కింద లెక్కేయలేదు.

మీరు కూడా రెండు వైపులా తెరిచి ఉంచండి. "వెళ్లమంటే వెళ్తాను ప్రభువా" అనడం మీకు ఇప్పుడు తేలికే, మనసు అటే లాగుతోంది కాబట్టి. "ఆ కుర్చీలోనే ఉండు, జీతంలోంచి ఇద్దరు పిల్లల చదువు చూడు, నెలకోసారి వెళ్లి లెక్కలు చెప్పు" అంటే దానికీ సరేనంటారా?

ఇక పని మాటలు. మీ ఆవిడ ఏమంటుందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. నేను మానేద్దామనుకున్నప్పుడు మా ఆవిడ కాదనలేదు, ఔననలేదు, "పాప ఫీజు ఎవరు కడతారు?" అని మాత్రం అడిగింది. అది అవిశ్వాసం అనుకున్న పెద్దలున్నారు మా బంధువుల్లో. నాకు అది అవిశ్వాసంగా అనిపించలేదు, అది నేను అడగవలసిన ప్రశ్న. సేవలో మొదటి నెల కోశాధికారి ఇచ్చిన కవర్లో, నాలుగు మడతలు పెట్టి చెమటకు మెత్తబడిన పది రూపాయల నోట్లు ఎక్కువ. బ్యాంకులో కట్టలు లెక్కపెట్టిన చేతులతో వాటిని ఒక్కొక్కటే విప్పి సాపు చేశాం ఇద్దరం. మా ఆవిడకు ముందే తెలుసు గనక ఆ రాత్రి మా ఇంట్లో గొడవ జరగలేదు. చెప్పకుండా దూకినవాళ్ల ఇళ్లలో జరిగిన గొడవలకు మధ్యవర్తిగా వెళ్లాను, అవి మామూలుగా ఉండవు.

తర్వాత, మీకు "వద్దు" అని చెప్పగలిగిన మనిషిని ఒకరిని వెతుక్కోండి. మీరు సేవలోకి వస్తే తనకు లాభం లేనివాడు, మీ కానుక ఆగిపోతే నష్టం కూడా లేనివాడు అయితే మంచిది. నన్ను లెక్కలోకి తీసుకోవద్దు, నేను మిమ్మల్ని చూడలేదు.

హాస్టల్‌కి మళ్లీ వెళ్లండి. క్రిస్మస్ బట్టలు పంచే రోజున వద్దు, అందరూ నవ్వుతూ ఫోటోలకు నిలబడతారు. జూలై ఆగస్టుల్లో, వాన పడి, పిల్లలకు జ్వరాలొచ్చి, కరెంటు పోయి, వంటమనిషి రాని వారంలో వెళ్లండి. అప్పటికీ లెక్కలు చెప్పాలనిపిస్తే అది వేరే సంగతి. వీలైతే మీ ఆవిడనీ పిల్లల్నీ తీసుకెళ్లి నాలుగు రోజులు ఉంచండి, వాళ్లు వెళ్లవలసిన స్కూలు ఎంత దూరమో చూసుకోండి.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. పీఎఫ్ ముట్టుకోకండి. లోన్ ఉన్నంతలో ఎంత తగ్గించగలరో జీతంలోంచే తగ్గించండి, లేదా ఫ్లాట్ అద్దెకిస్తే ఈఎంఐలో ఎంత వస్తుందో లెక్క వేయండి. మీ అమ్మానాన్నల మందుల ఖర్చు, ఆరోగ్య బీమా ఆ లెక్కలో ఉండాలి. కంపెనీ ఇచ్చే బీమా రాజీనామాతో పోతుంది, చాలామంది అది మర్చిపోతారు. మీ ఆఫీసులో జీతం లేని సెలవు ఇచ్చే పద్ధతి ఉంటే హెచ్ఆర్‌ని అడగండి. ఇవి చూసుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అన్నది ప్రభువే.

అన్నిటికన్నా ముందు ఒక ఫోన్ చేయండి. ఆ హాస్టల్ నడిపే ఆయనకు మీ గురించి కాకుండా వాళ్ల గురించి అడగండి. వాళ్లకు లెక్కల టీచరు అవసరం ఉందా, ఉంటే నిజంగా ఎప్పటి నుంచి, ఇప్పటికే ఎవరినైనా అనుకున్నారా, ఉండటానికి గది ఉందా, నెలకు ఎంత ఇవ్వగలరు అని. బహుశా వాళ్లకు లెక్కల టీచరు ఉండి, ప్రభుత్వ పోర్టల్లో పిల్లల వివరాలు ఎక్కించే మనిషి లేక అవస్థ పడుతూ ఉండొచ్చు. అది మీరు హైదరాబాద్‌లో కూర్చుని శనివారాలు చేసిపెట్టగలరు. ఏమన్నారో కనుక్కుని రాయండి, అప్పుడు రాజీనామా సంగతి మాట్లాడుకుందాం.